తడి తగలకూడని చెవి

గీతిక తలగడ మీద రూపాయి బిళ్లంత రక్తపు మరక ఉంది.

ఆదివారం పొద్దున దుప్పట్లు మడతపెడుతున్న సూర్యకళ చేతులు అక్కడే ఆగిపోయాయి. ముందు దోమ అనుకుంది. గలీబు తీసి చూసింది. మరక లోపలి దూది దాకా ఇంకింది. దోమ కాదు.

"గీతూ! ఇటు రా. ముక్కుల నుంచి రక్తమొచ్చిందా?"

వాష్‌బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటున్న కూతురు తిరగలేదు. సూర్యకళ ఇంకోసారి పిలిచింది. అప్పుడూ తిరగలేదు. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుని తిప్పితే ఉలిక్కిపడింది. ఎడమ చెవి తమ్మె మీద గోధుమరంగులో ఎండిన చార కనిపించింది.

"ఏమైందే?"

"ఏం కాలే."

"ఏం కాకుంటే రక్తమెట్లొచ్చింది?"

తొమ్మిదేళ్ల గీతిక బ్రష్ మళ్లీ నోట్లో పెట్టుకుంది. జవాబు చెప్పకుండా ఉండడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

వంటింట్లోంచి అత్తగారు సాలమ్మ గొంతు వినిపించింది. "చెవిపోటై ఉంటది. నిన్న రాత్రి గుయ్యిమంటుందని అన్నది. ఎల్లిపాయలేసి నూనె కాస్తున్న. రెండు సుక్కలేస్తె దెబ్బకు పోతది."

సాలమ్మ నలుగురు పిల్లల్ని ఈ నూనెతోనే పెంచింది. జనగామలో ఉన్నప్పుడు వాడలో ఎవరి పిల్లకు చెవి నొప్పి వచ్చినా ఆమె గిన్నె పట్టుకుని వెళ్లేది. సూర్యకళకు అభ్యంతరం చెప్పాలని కూడా తోచలేదు. పిల్లను ఒళ్లో పక్కకు పడుకోబెట్టుకుంది. సాలమ్మ చెంచా వెన్ను తన మణికట్టుకు ఆనించి వేడి చూసుకుని, జాగ్రత్తగా చెవిలో వంచింది.

గీతిక పెట్టిన కేకకు పక్క వాటా వాళ్లు తలుపు తీశారు.

లేచి కూర్చుని, మెడ పట్టుకుని, రెండుసార్లు మింగి ఆ పిల్ల అంది. "నానమ్మా, నూనె గొంతులకొచ్చింది."

సాలమ్మ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. చెవిలో పోసిన నూనె గొంతులోకి వచ్చిందంటే మధ్యలో ఉండాల్సిన గోడ లేదన్నమాట. ఆ సంగతి అర్థం కావడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

"ఏమయ్యా! లే!" సూర్యకళ పడకగదిలోకి పరుగెత్తింది.

భర్త జీవన్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముందురోజు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ చూసి ఆలస్యంగా వచ్చాడు. వేసుకున్న జెర్సీ కూడా విప్పలేదు. ఒక్క పిలుపుకే లేచాడు. కళ్లలో నిద్ర లేదు.

* * *

ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఆసుపత్రిలో ఆదివారం మధ్యాహ్నం దాకా చెవి డాక్టరు ఉంటారు. డాక్టర్ తారామణికి యాభై దాటాయి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నూనె తుడిచి, సన్నని గొట్టం లాంటి కెమెరా చెవిలో పెట్టింది. పక్కనున్న తెరమీద బొమ్మ వచ్చింది. ముత్యపు రంగు పలచటి పొర. దాని నడుమ బెత్తెడు గుడ్డలో నిప్పురవ్వ పడ్డట్టు ఒక చిరుగు. అంచులకు ఎర్రగా రక్తం.

"కర్ణభేరి చిరిగింది," అంది డాక్టరు. "చీము పట్టి పడిన రంధ్రం కాదిది. కొత్త చిరుగు. దెబ్బ తగిలింది. ఎవరు కొట్టారమ్మా?"

గీతిక నేల వైపు చూసింది.

"పడ్డావా?"

నేల వైపే చూసింది.

అప్పుడే జీవన్ జేబులో ఫోన్ మోగింది. గీతిక గబుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది. "మేనేజర్," అని గొణుక్కుంటూ జీవన్ గది బయటికి వెళ్లిపోయాడు. అతను నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజర్.

"డాక్టరమ్మా, వినబడదా ఇగ?" సూర్యకళ అడిగింది.

"ఇప్పుడు కొంచెం తగ్గింది. భయపడకండి. ఇలాంటివి చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు పట్టొచ్చు."

"కుట్లేస్తరా?" గీతిక మొదటిసారి నోరు తెరిచింది.

"వెయ్యం. పొర అంచుల నుంచి కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చి తనే కలుసుకుంటుంది. మనం చేయాల్సింది దాని జోలికి పోకుండా ఉండటమే. లోపల చుక్క నీరు పడకూడదు. తలకు పోసుకునేటప్పుడు వాజలీన్ రాసిన దూది పెట్టాలి. గట్టిగా ముక్కు చీదకూడదు. ఈత వద్దు. నూనె..." డాక్టరు సూర్యకళ వైపు చూసి ఆగింది. "నూనె పోసింది ఎవరో గానీ ఇంకోసారి పోస్తే నా దగ్గరికి రావద్దు. లోపల చీము పట్టిందంటే మూసుకోవాల్సింది కూడా మూసుకోదు. అప్పుడు ఆపరేషనే."

* * *

"నా చేతులు పడిపోను," అని సాలమ్మ గుమ్మంలోనే కూలబడింది. నూనె గిన్నె తీసుకెళ్లి మొత్తం మోరీలో పారబోసింది. కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది.

"నేను నూనె పోయకముందే రక్తమొచ్చింది గదా. అంటె ఎవడో కొట్టిండు. ఇంకెవరు? గా లెక్కల సారే. చెవులు పట్టుకునే రోగం ఆయనకే ఉన్నది."

వీధి చివరి ఇంట్లో ఉండే పరంధామయ్య మాస్టారి అలవాటు నాచారంలో ఆ నాలుగు వీధులకూ తెలుసు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతికేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది. రోజూ సాయంత్రం వరండాలో చాప పరిచి పది పన్నెండు మంది పిల్లలకు ట్యూషన్ చెబుతారు. ఎవరైనా లెక్క తప్పితే చెవి పట్టుకుని, "ఎక్కడ జారిపడ్డావు? వెనక్కి పద," అంటారు. తప్పు దొరికేదాకా చెవి వదలరు. పిల్లలు నవ్వుతూనే వెతుకుతారు. ఇన్నేళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

"నిన్న సాయంత్రం ట్యూషన్‌కు పోయిందా గీతూ?" సూర్యకళ అడిగింది. ఉప్పల్‌లో చీరల షాపులో పనిచేసే ఆమె శనివారం ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది.

"పోయింది," అంది సాలమ్మ. "వచ్చినంక అన్నం సరిగ తినలే."

సూర్యకళ భర్త వైపు తిరిగింది. "నువ్వేమంటవు?"

జీవన్ మందుల చీటీ మడతపెడుతున్నాడు. దాన్ని నాలుగు మడతలు చేశాడు, ఎనిమిది చేశాడు.

"సారుకు అలవాటే గదా," అన్నాడు.

ఆ ఒక్క మాట సరిపోయింది.

సాయంత్రం అయిదింటికి సూర్యకళ వెళ్లేసరికి వరండా నిండా పిల్లలున్నారు. పరీక్షల రోజులు కావడంతో ఆదివారం కూడా ట్యూషన్ ఉంది. కొందరు తల్లులు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆమె గేటు తోసిన చప్పుడుకే అందరూ తిరిగారు.

"సార్! నా బిడ్డ చెవి పగలగొట్టిన్రు మీరు! రక్తం కారింది! ఒక చెవి వినబడ్తలేదు దానికి!"

పరంధామయ్య కుర్చీలోంచి లేచారు. డెబ్బయ్యేళ్ల మనిషి. లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"గీతికకా? ఏ చెవమ్మా?"

"ఎడమది!"

ఆయన ముఖం పాలిపోయింది. "నిన్న భిన్నాలు తప్పు చేసింది. ఎడమ చెవే పట్టుకున్నాను. ఎప్పుడూ పట్టుకున్నట్టే... గట్టిగా కాదమ్మా. ఆ పిల్ల అబ్బా అంది. ఎప్పుడూ అనదు. నేను వెంటనే వదిలేశాను."

"ఒప్పుకుంటున్నడు సూడు!" గేటు దగ్గర ఎవరో అన్నారు.

"గింత వయసొచ్చింది. పిల్లల మీద చెయ్యేసేటప్పుడు సిగ్గనిపించలేదా సార్?" అంది సూర్యకళ.

ఆయన వాదించలేదు. కుడి చెయ్యి ఎత్తి బొటనవేలునూ చూపుడు వేలునూ చూసుకున్నారు. "వయసు పైబడ్డాక పట్టు ఎంత గట్టిగా పడుతుందో తెలియడం లేదేమో," అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని లేపారు. రెండు నిమిషాల్లో వరండా ఖాళీ అయింది. చాప మీద ఎవరిదో రబ్బరు ఒకటి మిగిలింది.

మర్నాడు ఆ ఇంటి గోడమీది ట్యూషన్ బోర్డు లేదు.

* * *

పదో రోజున గీతిక చెవిలోంచి పసుపు రంగు చీము వచ్చింది. డాక్టరు మందులు మార్చింది. "ఇది ఆగకపోతే పొర మూసుకోదు," అని మాత్రం చెప్పింది. ఆ వారమంతా ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు. సాలమ్మ వంటింట్లో వెల్లుల్లి వాసన కూడా రానివ్వలేదు.

గీతిక మారిపోయింది. ఎవరు పిలిచినా కుడి చెవి అటు తిప్పుతుంది. టీవీ ముందు కూర్చుంటుంది, చూడదు. ఇంట్లో ఏ ఫోన్ మోగినా లేచి బాల్కనీలోకి పోతుంది. ఇదివరకు ఫోన్ ఎవరిదైనా ముందు ఎత్తి, "హలో, గీతిక స్పీకింగ్," అనేది ఆ పిల్లే. మోత చెవికి బాధగా ఉందేమో అనుకుంది సూర్యకళ.

జీవన్ కూడా మారాడు. తలస్నానం రోజు కూతురికి దూది పెట్టే పని తనే తీసుకున్నాడు. దూదిని ఉండ చేసి, వాజలీన్ పట్టించి, సందు లేకుండా సర్దేవాడు. తల మీద నీళ్లు పోసేటప్పుడు ఒక్క చుక్క కూడా అటు పోకుండా పెద్ద గ్లాసు అడ్డం పెట్టేవాడు. అతని చెయ్యి చెవి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గీతిక కళ్లు గట్టిగా మూసుకునేది. నొప్పి కాబోలనుకుంది సూర్యకళ.

ఒకరోజు స్కూలు నుంచి వస్తూ గీతిక మాస్టారి ఇంటి ముందు ఆగిపోయింది.

"మమ్మీ, సార్ బోర్డేది?"

"తీసేసిండు. తీయక ఏం జేస్తడు?"

"సార్ నన్ను కొట్టలే."

"మరెవరు కొట్టిన్రు?"

పిల్ల పెదవులు కదిలాయి.

"సూడు. నువ్వు భయపడకు. సారు ఇగ నిన్నేమీ అనడు."

గీతిక తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. పెద్దవాళ్లకు ఏమీ చెప్పి లాభం లేదని తేల్చుకున్నట్టు నడక మొదలుపెట్టింది.

పరంధామయ్య మాత్రం ఆదివారం ఆదివారం వచ్చేవారు. గేటు దాటి లోపలికి రారు. బయటే నిలబడి, "అమ్మాయి చెవి ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. సూర్యకళ, "మందులు వాడుతున్నం," అని ముక్తసరిగా చెప్పి తలుపేసేది. ఆ సమయానికి జీవన్ ఇంట్లో ఏ మూలనున్నా బాత్రూంలోకి వెళ్లిపోయేవాడు.

అయిదో ఆదివారం ఆయన ఒక ప్రశ్న అదనంగా అడిగారు. "లెక్కలు మర్చిపోకుండా చేయిస్తున్నారా?" అని అడిగి, అడగకూడనిది అడిగినట్టు గబగబా వెళ్లిపోయారు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. మనిషి సగమయ్యాడని ఆ పూట సూర్యకళకు మొదటిసారి కనిపించింది. అన్నం కలుపుకుంటూ ఆ సంగతే అంది. జీవన్ చెయ్యి కడిగేసుకున్నాడు.

* * *

ఆరు వారాలు గడిచాక మే నెల మధ్యాహ్నం ముగ్గురూ మళ్లీ ఉప్పల్ వెళ్లారు.

కెమెరా చెవిలోకి వెళ్లింది. తెరమీద ముత్యపు రంగు పొర కనిపించింది. సూర్యకళ చిరుగు కోసం వెతికింది. చిరుగు లేదు. అది ఉన్నచోట సన్నని తెల్లటి గీత మాత్రం ఉంది.

"మూసుకుంది," అంది తారామణి. అంత ముక్తసరి మనిషీ నవ్వింది.

పక్క గదిలో గీతిక తలకు హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యి ఎత్తాలి. అద్దం ఇవతల నిలబడి సూర్యకళ ఆ చేతినే చూసింది. చెయ్యి లేచింది. దిగింది. మళ్లీ లేచింది. మరీ చిన్న చప్పుడేమో, ఒకసారి తల వంచి ఆలోచించి మరీ ఎత్తింది. జీవన్ గోడకు ముఖం తిప్పుకుని ఏడ్చాడు. ఇంతగా ఏడవడం చూసి సూర్యకళ కూడా కళ్లు తుడుచుకుంది.

కాగితాలు తీసుకుంటూ ఆమె అంది. "గా సారును మేం వదిలిపెట్టినం గానీ డాక్టరమ్మా, కేసు పెట్టాల్సింది. పిల్లల చెవులు మెలిపెట్టుడేంది?"

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. "చెవి మెలిపెట్టాడా? అంతేనా?"

"ఆయనే ఒప్పుకున్నడు."

"చెవి తమ్మె మెలిపెడితే తమ్మె కందుతుంది. కర్ణభేరి చిరగదు. దీనికి అరచెయ్యి కావాలి." తారామణి తన కుడి చెయ్యి చాపి చూపించింది. "ఇలా చెవిని పూర్తిగా మూసేస్తూ పడాలి. లోపలి గాలికి బయటికి పోయే దారి ఉండదు. అది వెళ్లి పొరను కొడుతుంది. ఎడమ చెవి కాబట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచేత్తో కొట్టిన దెబ్బ."

చాపిన ఆ అరచెయ్యి చూసి గీతిక కళ్లు గట్టిగా మూసుకుంది.

దూది పెట్టేటప్పుడు మూసుకున్నట్టే.

సూర్యకళ ఆ మూసుకున్న కళ్లను చూసింది. తర్వాత జీవన్ కుడిచేతిని చూసింది. ఆ చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లిపోయింది.

గీతిక చెయ్యి పట్టుకుని ఆమె ఆసుపత్రి మెట్లు దిగింది. బండి దగ్గర కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"గీతూ, ఆ రోజు డాడీ కొట్టిండా?"

"చెప్తే కొడ్తవా?" అంది గీతిక.

సూర్యకళ కూతురి భుజాలు పట్టుకుంది. "కొట్ట బిడ్డా. ఎందుకు కొడ్త?"

"నిజం చెప్తే కొడ్తరు గదా."

ఎండలో మెట్రో స్తంభాల నీడ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఆమె లేచి నిలబడింది. భర్త ఆమె ముఖం చూడలేకపోతున్నాడు.

"సూర్యా, ఇంటికి పోయినంక చెప్త. అంత చెప్త."

"ఇంట్ల నాకు చెప్పుడు కాదు. నేను సారును వీధిల నిలబెట్టి అరిచిన. పది మంది ముందల అరిచిన. నువ్వు కూడా అక్కడనే చెప్పాలె. బండి తీయి."

* * *

వాళ్లు వీధిలోకి వచ్చేసరికి అయిదు దాటింది. ఆ వేళకు కూరగాయల బండి మాస్టారి ఇంటి ముందే ఆగుతుంది. అయిదారుగురు ఆడవాళ్లు బండి చుట్టూ ఉన్నారు. ఆ రోజు గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లేపుకుపోయిన వాళ్లే సగం మంది. తమ ఇంటి అరుగు మీద కూర్చున్న సాలమ్మ, కొడుకు బండి ఆగకుండా ముందుకు పోవడం చూసి వెనకాలే నడిచి వచ్చింది.

వరండాలో చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. పరంధామయ్య పేపరు పక్కన పెట్టి గేటు దాకా వచ్చారు. "చెవి ఎలా ఉందమ్మా?"

"మూసుకున్నది సార్. మంచిగ వినబడ్తుంది," అంది సూర్యకళ. "మిమ్మల్ని అనరాని మాటలన్న. కాళ్లు పట్టుకుంట. ముందుగాల ఈయన చెప్పేది వినుర్రి."

జీవన్ బండి స్టాండు వేయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు," అంది సూర్యకళ. "నేను గట్టిగనే అరిచిన."

కూరగాయల తూకం ఆగింది.

"సార్ కొట్టలే," అన్నాడు జీవన్. "నేను కొట్టిన."

పరంధామయ్య గేటు చువ్వ మీదున్న తన కుడిచేతి వైపు చూసుకున్నారు. ఎవరో పట్టుకుపోయిన వస్తువును తిరిగి తెచ్చి ఇచ్చినట్టు ఆ వేళ్లను మెల్లగా మూసి తెరిచారు. "చాలు బాబూ. లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నారు.

"లేదు సార్. చెప్పనియ్యండి. ఇప్పుడు ఆగితె మళ్లీ చెప్పలేను." అతను ముఖం తుడుచుకున్నాడు. "ఆ శనివారం ఉప్పల్ల మ్యాచుండె. మధ్యాహ్నం రెండింటి షిఫ్టు ఎగ్గొట్టాలని, మా అమ్మను దవాఖానల చేర్పించినం అని మేనేజర్‌కు అబద్ధం చెప్పిన. స్నానం చేసొచ్చేసరికి నా ఫోన్ మోగుతుంటె బిడ్డ ఎత్తింది. అమ్మకెట్లున్నదని ఆయన అడిగిండు. మా నానమ్మకేం కాలే అంకుల్, మిద్దె మీద వడియాలు పెడ్తుంది, డాడీ మ్యాచ్‌కు పోతుండు అని చెప్పింది. నవ్వుకుంట చెప్పింది. నేను ఫోన్ గుంజుకున్న. ఒక్కటే దెబ్బ కొట్టిన. అది ఏడ్వలే. చెవి పట్టుకొని నా మొఖం సూసింది. అమ్మకు చెప్పినవంటె ఇంకోటి పడ్తది అన్న. టికెట్ జేబుల పెట్టుకొని పోయిన."

సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సారు మీదికి మాట పోతుంటె నేను ఆపొచ్చు. ఆపలే. అలవాటే గదా అని ఇంకో మాట కలిపిన. మేనేజర్ ముందల పరువు పోయింది, ఇంట్ల కూడా ఎందుకు పోగొట్టుకోవాలె అనుకున్న. దూది పెట్టినప్పుడల్లా ఈ పూట చెప్దాం అనుకున్న. అది కళ్లు మూసుకుంటుంటె నా నోరు రాలే. ఆరు వారాలు సారు మా గేటు దాక వచ్చి అడుగుతుంటె బాత్రూంల దాక్కున్న. మీ చెయ్యి మంచిదే సార్. పాపపు చెయ్యి ఇది."

అతను వెనక్కి తిరిగాడు. గీతిక తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. జీవన్ కూతురి ఎడమ చెవి వైపుకు వచ్చి, రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఈసారి ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు.

"గీతూ, నువ్వు తప్పు చెయ్యలే. మేనేజర్ అంకుల్‌కు నువ్వు చెప్పిందే నిజం. అబద్ధం ఆడింది నేను. నిజం చెప్పినందుకు నిన్ను కొట్టిన. నిజం చెప్తే కొడ్తరని నీకు నేర్పింది నేనే. ఇనవడ్తుందా, బిడ్డా?"